పిట్టల తుపాకీ

కూతురి స్కూలు మెసేజీలు చూద్దామని ట్యాబ్ తెరిచిన నిఖిలకు తెర నిండా తుపాకులు కనిపించాయి.

పైన పెద్ద అక్షరాలు: 'పక్షుల వేటకు చౌకలో మంచి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఎంచుకోవడం ఎలా?'

చేతిలోని గాజు కాఫీ కప్పు జారి భళ్ళున పగిలింది.

"కదలకు, కాలికి గుచ్చుకుంటుంది." వంటింట్లోంచి శ్రీనాథ్ అట్లకాడతో సహా వచ్చి, వంగి గాజుముక్కలు ఏరసాగాడు. "మిక్సీలో పిండి ఉంది. నీకు పెసరట్టులో అల్లం వెయ్యనా?"

"నా ట్యాబ్‌లో ఏంటివి?"

"తుపాకులు."

"అది కనపడుతోంది. ఎందుకు?"

"బాతుల్ని కొట్టడానికి. న్యూజిలాండ్‌లో మా రమణగాడికి ఫామ్ ఉందిగా, వేటకి రమ్మంటున్నాడు. నా ఫోన్లో ఛార్జింగ్ లేక నీ దాంట్లో చూశా."

కోడిని కొడుతుంటే కొట్టు బయట నిలబడి ఆకాశం చూసే మనిషి బాతుల్ని కొడతాడట. విడిపోదామనీ, పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోతాననీ కిందటి నెలలో ఆమె తేల్చి చెప్పింది. అతను అరవలేదు, బతిమాలలేదు. ఆ మర్నాటి నుంచీ ఇంట్లో టిఫిన్లు అతనే చేస్తున్నాడు.

"ఇది సింగపూర్, శ్రీనాథ్. బొమ్మ తుపాకీ తెప్పించుకున్నా పోలీసులు ఇంటికొస్తారు. ఎవరైనా చూస్తే నా మెడకి చుట్టుకుంటుంది."

"అంత భయమైతే చెరిపెయ్."

చెరిపేసింది. అతను వెతికినవన్నీ ఒక్కొక్కటే నొక్కి తుడిచేసింది. చివరి పేజీ దగ్గర వేలు ఆగింది. ఒక తుపాకీ పక్కన గుర్తు పెట్టి ఉంది. ఉన్నవాటిలోకెల్లా చౌకది.

"దీన్ని ఎంచుకున్నావా?"

"ఆఁ. ఒకసారి పేలగానే దానంతటదే ఇంకో తూటా ఎక్కించుకుంటుంది. మళ్ళీ మళ్ళీ లాగక్కర్లేదు. భుజాన్నీ పెద్దగా తన్నదట."

"కొన్నవాళ్ళు ఏం రాశారో చదివావా? మాటిమాటికీ తూటా ఇరుక్కుంటోందట. చెత్త సరుకని తిడుతున్నారు."

"చదివా."

రైస్ కుక్కర్ కోసం లిటిల్ ఇండియా బజారులో కొట్టు కొట్టూ తిప్పి తన కాళ్ళు పడిపోయేలా చేసిన మనిషి ఇతనే. అన్నీ పోల్చి, ఆఖరికి అన్నిటికంటే గట్టిదే కొన్నాడు.

"మరి ఇదే ఎందుకు? ఒక్క తూటాకే ఇరుక్కుపోతే?"

శ్రీనాథ్ గాజుముక్కల్ని చెత్తబుట్టలో వేసి, చేతులు తుడుచుకుంటూ ఆమె వైపు చూసి నవ్వాడు.

"ఒక్కటి చాలదా?"

నిఖిలకు అర్థమైంది. న్యూజిలాండ్ లేదు, బాతులూ లేవు. ఆ ఒక్క తూటా తనకే.

పాప నందిత తన గదిలోంచి కళ్ళు నలుపుకుంటూ వచ్చి, సింగపూర్ యాస ఇంగ్లీషులో అడిగింది. "డాడీ, యూ షూటింగ్ డక్స్ ఆ? సో బ్యాడ్ లా!"

"ఛ, నేను ఎవర్నీ కాల్చను తల్లీ. ప్రామిస్."

"నందూ, షూస్ వేసుకో." నిఖిల పాప చెయ్యి పట్టుకుంది. "పక్క బ్లాకులో శ్యామలా ఆంటీ రమ్మన్నారు."

"నౌ ఆ? ఐ హావెంట్ ఈట్, మమ్మీ."

"ఆంటీ పెడతారు. పద!"

"పాప ఆకలి అంటుంటే వినపడట్లేదా?" శ్రీనాథ్ వచ్చి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. గొంతు మెత్తగానే ఉంది. "ఇంకాసేపు ఆగు. నీకే తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది? అడ్డు లే!"

"ఆగమన్నానా."

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

తెరిచి ఉన్న తలుపులోంచి, అతని భుజం మీదుగా నిఖిలకు బయటి ఇనుప గేటు, దాని వెనక ఇద్దరు పోలీసులు కనిపించారు. ఒకతను చైనీస్, రెండో ఆమె మలయ్. ప్రాణం లేచి వచ్చింది. అతను తప్పుకోకముందే తోసుకుని వెళ్ళి గేటు తీసింది.

"సర్, ప్లీజ్! నా భర్త నన్ను చంపడానికి తుపాకీ..."

"నిఖిల అంటే మీరేనా?" ఆమె మాట పూర్తి కాకుండానే ఇంగ్లీషులో అడిగాడు ఆ అధికారి.

"నేనే. నేనే పిలుద్దామనుకున్నా, ఇంతలో మీరే..."

"విదేశం నుంచి వచ్చిన పార్సెల్ ఒకటి కస్టమ్స్ వాళ్ళు ఆపారు. పైన ఆటవస్తువులని రాసి ఉంది. లోపల షాట్‌గన్ ఉంది, భాగాలు విడదీసి. మీ పేరుకి, ఈ ఇంటికి వచ్చింది. పది రోజుల కిందట మీ మెయిల్ నుంచే ఆర్డరు వెళ్ళింది, మేడమ్."

నిఖిల శ్రీనాథ్ వైపు తిరిగింది.

మలయ్ అధికారిణి బల్ల మీది ట్యాబ్‌ను చూసింది. "దాన్ని ఎవరూ ముట్టుకోకండి."

"నేను కాదు! అతనే! అడగండి అతన్ని!"

శ్రీనాథ్ కళ్ళ నిండా నీళ్ళు. రెండు చేతులూ చాచి వచ్చి భార్యను దగ్గరకు తీసుకున్నాడు. పాప భయపడి ఏడుపు లంకించుకుంది. మలయ్ అధికారిణి జాలిగా తల తిప్పుకుంది. తెలుగు ముక్క తెలియని ఆ ఇద్దరి ముందే, ఓదారుస్తున్నట్టు ఆమె వీపు నిమురుతూ అతను మెల్లగా చెప్పాడు.

"నేనే తెప్పించా నిఖిలా, అది దొరికిపోయిందని నిన్ననే తెలిసింది. పాపని నాకు కాకుండా చేస్తానన్నావుగా. పిట్టల కోసమైతే మంచిదే కొనేవాణ్ణి. ఇది పేలక్కర్లేదు, నీ పేరు మీద ఈ దేశంలో దిగితే చాలు."