ఆకాశానికి కాపలా

గబ్బిలం కొమ్మకు తలకిందులుగా వేలాడటం చూసి తీతువుపిట్టకు ఒళ్లు మండింది.

"ఆకాశానికి కాళ్లు చూపిస్తుందా! ఎంత అపచారం!" అంటూ కాకుల్ని పోగేసుకొచ్చి చెట్టును చుట్టుముట్టింది. గబ్బిలం పిల్లను రెక్కలో దాచుకుంది.

"ఆగండి," అంది ముసలి గోరింక. "తీతువమ్మా, నువ్వు కాళ్లు ఎటు పెట్టి పడుకుంటావు?"

"పైకే. ఆకాశం విరిగి పిల్లల మీద పడకుండా కాళ్లతో ఆపుతాను. అది మా తాతలనాటి వ్రతం."

గోరింక గబ్బిలం వైపు తిరిగింది. "మరి నువ్వెందుకమ్మా ఇలా వేలాడతావు?"

"ఇన్నాళ్లలో నువ్వొక్కదానివే అడిగావు," అంది గబ్బిలం. "ఆకాశం ఎగిరిపోతే పిల్లలకు నీడుండదు. అందుకే దాన్ని కాళ్లతో చెట్టుకు కలిపి పట్టుకుంటాం."

కాకులు తీతువు వంక చూశాయి. పొడవబోయిన ముక్కును తీతువు మెల్లగా దించింది.

"అయితే గట్టిగా పట్టుకో," అంది. "కింద నేనున్నాను."