పదకొండో అంకె

“మూడు నెలల గడువు ఏ మూలకండీ? మా మెషిన్లన్నీ మార్చాలంటే ఏడాదైనా పడుతుంది,” అంది చిన్న ఫోన్ కంపెనీ ఇంజనీరమ్మ. ఫోన్ నంబర్లకు పదకొండో అంకె చేర్చాలా వద్దా అని కంపెనీలను అడిగే సమావేశం అది. వారం రోజులు కూర్చుని ఆమె నలభై పేజీలు రాసుకొచ్చింది.

“అమూల్యమైన సలహా! మిమ్మల్ని అడక్కుండా మేం అడుగైనా వేస్తామా తల్లీ?” అన్నాడు నంబర్ల శాఖ డైరెక్టరు. “గుమాస్తాగారూ, రాసుకోండి.”

గుమాస్తా పెన్ను మూత తియ్యకుండానే రాసుకున్నాడు.

పక్కన పెద్ద కంపెనీ మేనేజరు కాగితం ముక్కైనా తేకుండా తాపీగా బిస్కెట్లు నములుతున్నాడు. ‘బాధ్యత లేని మనిషి’ అనుకుందామె.

ఇంతలో బోర్డుల పెయింటరు తలుపు తోసుకుని వచ్చాడు. “నిచ్చెన తీసుకెళ్దామని వచ్చానండీ. అంకె మీద ఏదో మీటింగంటున్నారు. గేటు బోర్డు మీద మన ఆఫీసు నంబరు పదకొండు అంకెలతో రాసేశాను కదా, చెరిపెయ్యాలా?”



“రంగు ఆరిందా?” అన్నాడు డైరెక్టరు.

“రాసి పది రోజులైందండీ!”

ఆమె తన నలభై పేజీలూ మెల్లిగా సంచిలో పెట్టేసుకుంది. మేనేజరు ప్లేటు ఆమె ముందుకు జరిపాడు.

“తీసుకోమ్మా. పోయిన మీటింగులో మేమంతా గట్టిగా పట్టుబడితేనే ఈ క్రీము బిస్కెట్లు వచ్చాయి.”