పెనుకొండ వాయిదా

గార్డు విజిల్ వేశాడు. మంచినీళ్లకని దిగిన పాపన్న ఇంకా రాలేదు.

ఆదినారాయణ కిటికీలోంచి తల బయటపెట్టి ధర్మవరం ప్లాట్‌ఫారమంతా చూశాడు. కొళాయి దగ్గర జనం మూగి ఉన్నారు. వాళ్లలో వాడు లేడు. పట్టునూలు దొంగతనంలో దొరికిన పాపన్నను జైలుకు పంపవద్దని, తాము దారిలో పెడతామని కోర్టులో ఒప్పించింది ఊళ్లోని సేవాసంఘం. ఇంట్లో ఉంచుకునేదెవరని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆదినారాయణే. నెలనెలా వాణ్ణి పెనుకొండలో మేజిస్ట్రేటుకు చూపించాలి. ఈ రోజు వాడు కనబడకపోతే కుర్రవాళ్ల జైలే గతి.

"రేయ్ పాపన్నా" అని అరుస్తూ దిగాడు. కొళాయి చుట్టూ వెతికాడు. టీ అంగడి వెనక్కి వెళ్లి చూశాడు. ఈలోగా రైలు కదిలి వెళ్లిపోయింది.

స్టేషన్ పోలీసు నింపాదిగా వచ్చాడు. "ఏమప్పా, ఎవురికోసం దేవులాడతాండావు?"

సంగతి విని నవ్వాడు. "వాడింక యాడ దొరుకుతాడు? పట్టాలు దాటి ఎప్పుడో పోయింటాడు."

"వాడట్లాంటోడు కాదప్పా. మా ఇంట్లోనే తింటాండాడు, మా మగ్గంలోనే నేస్తాండాడు."

"మగ్గం సంగతి జడ్జి అడగడు. నువ్వే తప్పించినావంటే ఏం చెప్తావు? ఇప్పుడే కంప్లైంటు ఇయ్యి, నీ మింద మాట రాదు."

 బోనులో తానే నిలబడినట్టు ఆదినారాయణ కళ్లకు కట్టింది. నమ్మి అన్నం పెడితే ఇంత పని చేస్తాడా అని వాడి మీద కోపం పొంగుకొచ్చింది. "రాసుకో. పారిపోయినాడు" అన్నాడు.

బస్సులో పెనుకొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆదినారాయణ కోర్టు మెట్లెక్కాడు. వరండాలో గోడకానుకుని పాపన్న కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసి గబుక్కున లేచాడు.

"ముందర కొళాయి కాడ జనమున్న్యారని ఆ కడా కొళాయికి పోతినన్నా. రైలు కదిలితే కడా పెట్టెలో ఎక్కినా. ఈడ దిగి చూస్తే నువ్వు లేవు."

 అంతలో బంట్రోతు బయటికి వచ్చాడు.

"వస్తివా సామీ. పిల్లోడొచ్చినాడు, తోడుండాల్సినోడు యాడికి పోయినాడని మేజిస్ట్రేటు దొర నీ మింద వారెంటు రాయబోయినాడు. ఈ పిల్లోడే చేతులు జోడించి, 'ఆయప్ప పారిపోయే మనిషి కాదు సామీ, వచ్చేదాకా ఆయప్పకి నేను పూచీ' అన్న్యాడు."