నలభై నిమిషాల దూరం

"దీన్ని ఎయిర్‌పోర్టు అంటారా? మా గోడౌను ఇంతకంటే నయం," అన్నాడు కాంట్రాక్టరు, కౌంటరు మీద బ్యాగు పడేస్తూ.

రేకుల షెడ్డు. ఆరు కుర్చీలు, అందులో రెండు విరిగినవి. టికెట్లిచ్చేవాడూ, సామాను తూచేవాడూ, విమానం దాకా సాగనంపేవాడూ ఒక్కడే క్లర్కు. అతను వినయంగా, "తూకం మీద నిలబడండి సార్," అన్నాడు.

"నేనా?"

"చిన్న విమానం సార్. మనుషుల్నీ తూచాల్సిందే."

"నన్ను సిమెంటు బస్తా అనుకున్నావా?" అంటూనే ఎక్కాడు. ఎక్కక చస్తాడా? కొండలవతలి ఊరికి గాల్లో నూట ఎనభై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. రోడ్డు మీదైతే రెండు రోజులు. ఆ రోడ్డు బాగుచేసే కాంట్రాక్టు నాలుగేళ్లుగా ఈ మహానుభావుడిదే.

"అర్జెంటు పనా సార్?"

"మా అమ్మాయి అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఎవడో దిక్కుమాలినవాణ్ణి ఇవాళ రిజిస్టరు పెళ్లి చేసుకుంటోందట. వెళ్లి ఆపాలి."

ఒక్కగానొక్క కూతురు. ఆ మాట అంటుంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే దాన్ని కోపం చేసుకున్నాడు. ఆ విద్య ఆయనకి వెన్నతో పెట్టింది.

"అబ్బాయి ఏం చేస్తాడు సార్?"

"ఎవడికి తెలుసు? మా ఆవిడ చెప్పబోయింది. వాడి పేరూ ఉద్యోగం ఇంట్లో వినపడ్డానికి వీల్లేదని నోరు మూయించాను. అలాంటి వెధవల గురించి తెలుసుకునేదేముంది? వందమందిలో నిలబెట్టినా ఇట్టే పట్టేస్తాను."

క్లర్కు తూకం ముల్లు చూసి నసిగాడు. "విమానం బరువు దాటిపోతోంది సార్. సోమవారం దానికి వెళ్తారా?"

కాంట్రాక్టరు ముఖం పాలిపోయింది. సోమవారానికి అంతా అయిపోతుంది. బల్ల గుద్దాడు. "నేనెవరో తెలుసా? నీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను."

"అంత మాటెందుకు సార్? మీరు వెళ్లాల్సిందే."

క్లర్కు రెండు టపా సంచులు కిందికి దింపేశాడు. ఆయన బ్యాగు తనే మోసుకెళ్లి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు.

ఇలాంటివాళ్లు గట్టిగా అరిస్తేగానీ దారికి రారు, అనుకున్నాడు కాంట్రాక్టరు.

విమానం వణుక్కుంటూ లేచింది. కొండలు దాటింది. చెప్పిన టైముకే దిగింది. ఆయన రొప్పుకుంటూ అక్కడి రిజిస్ట్రారు ఆఫీసులో జొరబడ్డాడు.

"ఇవాళ పెళ్లిళ్లేమీ లేవండీ," అన్నాడు ప్యూను.

కాంట్రాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. తను బయల్దేరాడని తెలిసి తోక ముడిచారన్నమాట. మధ్యాహ్నం దాకా అక్కడే బెంచీ మీద కాపలా కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. ఇక ఆగలేక మీసం మీద చెయ్యేసుకుని కూతురికి ఫోను చేశాడు. రెండు రోజులుగా ఎత్తని ఫోను ఈసారి మొదటి రింగుకే ఎత్తారు.

"ఏమ్మా, ఇప్పటికైనా నాన్నంటే భయం పుట్టిందా?"

పొద్దున తనని సార్ సార్ అన్న గొంతే, అంతే వినయంగా అంది: "క్షేమంగా చేరారా మామయ్యగారూ, మీ అమ్మాయి రెండు రోజులు మీ రోడ్డు మీదే పడి వచ్చేసింది, ఇక్కడ మన ఊరి ఆఫీసులో ఇప్పుడే సంతకాలయ్యాయి."