మబ్బు రోజుల్లో సెలవు

పిట్టల మెకానిక్ పెళ్ళాం మీద అలిగి అడవిలో కాపురం పెట్టాడని ఊరంతా నమ్మింది. సాధారణంగా పుకారుకు సాక్ష్యం ఉండదు. దీనికి ఉంది. అదీ రోజూ తాజాగా వచ్చేది.

పాత ఫోన్లు బాగుచేయడం ఆయన వృత్తి. దేన్నైనా విప్పి, తన పద్ధతిలో మార్చి బిగిస్తే గాని నిద్రపట్టదు. పిట్టల లెక్క ఆయన పిచ్చి. ఊళ్ళో అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒక యాప్ ఉంది. కూత వినిపించినప్పుడు ఫోను మీద నొక్కితే చాలు. అది ఏ పిట్టో పోల్చి, విన్నవారి పేరుతో సహా అందరికీ చూపిస్తుంది. వేటగాళ్ళు గూళ్ళ జాడ పట్టకూడదని చోటు మాత్రం దాచిపెడుతుంది. పటంలో అడవంతా ఒకటే వలయం.

ఆ ఉదయం భార్య అన్నది ఒక్క మాట: "ఆ పిట్టల దగ్గరే ఉండిపోకూడదూ!" ఆయన నవ్వి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. రాత్రికి రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. తెల్లవారాక ఆమె యాప్ తెరిచింది. ఆయన పేరుతో అప్పుడే ఒక పికిలిపిట్ట వచ్చి ఉంది.

"మనిషి తప్పిపోతే వెతుకుతాం. ఈయన తప్పిపోలేదు కదమ్మా! పొద్దున్నే పికిలిపిట్టని పంపాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆమె ఫోను ఆమెకే చూపిస్తూ.

"మరి స్విచాఫ్ ఎందుకొస్తోందండీ?"

"మీకు దొరక్కూడదని. ఫోన్ల మెకానిక్‌కి ఫోన్లు కరువా? ఇంట్లోంచి ఏమైనా పట్టుకెళ్ళాడా?"

ఆమె గుర్తు తెచ్చుకుంది. బల్ల మీది పాత ఫోను ఒకటి లేదు. గాజుమూత టిఫిన్ డబ్బా లేదు. వరండా దీపం ఛార్జింగుకు ఎండలో పెట్టే నల్లపలక కూడా లేదు.

"చూశారా? మాటకి ఫోను, తిండికి డబ్బా, రాత్రికి వెలుతురు. అన్నీ సర్దుకునే వెళ్ళాడు."

దీపం మాత్రం ఇంట్లోనే ఉందని ఆమె చెప్పబోయింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే టోపీ పెట్టుకుని లేచాడు.

పిట్టల బృందానికి పెద్ద ఒక లెక్చరరమ్మ. ఆవిడ సానుభూతిగానే మాట్లాడింది.

"ఆ వలయం ఆయన తప్ప ఎవరూ తీయలేరండీ. యాప్ తయారుచేసిందే అలాగ. దొరకాలనుంటే ఆయనే తీసేవారు కదా? పోనీ, ఆయన పంపే కూతల కింద నాలుగు ముక్కలు రాయండి. చూస్తారు."

ఆమె రాసింది. పాలపిట్ట కింద, "ఇంటికి రండి." వడ్రంగిపిట్ట కింద, "తప్పు నాదే." గోరింక కింద, "అన్నం తిన్నారా?" బృందంలోవాళ్ళు వాటికి గుండె బొమ్మలు పెట్టారు. ఒకాయన, "ఇంకాస్త బతిమాలండి అక్కయ్యా, మెత్తబడుతున్నాడు," అని ప్రోత్సహించాడు. జవాబు మాత్రం రాలేదు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అడవి అంచుకు వెళ్ళింది. పేరు పెట్టి పిలిచే అలవాటు లేని నోటితో, "ఏమండీ!" అని అరిచింది. ఆ పిలుపుకు ఎవరైనా పలకవచ్చు. ఎవరూ పలకలేదు.

ఆ వారంలోనే కాకులు మొదలయ్యాయి. పొద్దస్తమానం ఆయన పేరు మీద కాకులే కాకులు.

"అక్కా, కాకులుండేది మనుషుల దగ్గర. బావ ఊరి వైపు వచ్చేస్తున్నాడు!" అన్నాడు తమ్ముడు.

ఆమె ఇద్దరికి సరిపడా వండింది. కాకులు తగ్గిపోయాయి. మళ్ళీ పికిలిపిట్టలు వచ్చాయి. ఆమె వండినది గిన్నెలోనే ఉండిపోయింది.

మబ్బు పట్టిన రోజుల్లో ఒక్క కూతా వచ్చేది కాదు. ఆమెకు కాలూ చేయీ ఆడేది కాదు. ఫోనును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"కంగారెందుకక్కా? మబ్బేస్తే బావ షాపు తెరిచాడా ఎప్పుడైనా? బద్ధకం అడవికెళ్తే పోతుందా?"

నిజమే. ఎండ కాయగానే పిట్టలన్నీ తిరిగి వచ్చేవి. ఆమె ఊపిరి కూడా.

క్రమంగా ఊరు నవ్వడం మానేసి మరిచిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆమెను దూరాన చూసి, "ఇవాళేం పిట్టమ్మా?" అని పలకరించేవాడు. ఆమె ఏదో ఒక పేరు చెప్పేది. అంతకంటే చేయగలిగింది ఆమెకేమీ కనిపించలేదు.

ఒక ఎండ పొద్దున ఆమె ఫోను మోగింది. ఆయన పేరు. పిచ్చుక.

పిచ్చుక అడవిలో ఉండదు. చూరుల్లో ఉంటుంది, ఆమె ఇంటి చూరులో ఉంది. తలెత్తి చూస్తే వీధి తీగ మీద నిజంగానే ఒకటి కిచకిచలాడుతోంది. అది తనకు వినిపిస్తున్నట్టే ఆయనకూ వినిపిస్తోంది. గరిటె ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. గేటు దాకా పరుగెత్తింది.

గేటు బయట అటవీశాఖ గార్డు నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతుల్లో ఆమె టిఫిన్ డబ్బా ఉంది. దానికి తీగతో చుట్టి బిగించిన నల్లపలక, గాజుమూత కింద పాత ఫోను.

"అమ్మా... ఇది ఎత్తున కొమ్మకి కట్టి ఉంది. ఆ కొమ్మ కింద, బండల్లో..."

అతను డబ్బాను ఆమె ముందుకు చాపాడు.

తీగ మీది పిచ్చుక మళ్ళీ కూసింది. మూత తీయని డబ్బాలోని ఫోను, ఎవరి వేలూ సోకకుండానే, ఆయన పేరు మీద ఇంకో పిచ్చుకను పంపింది.