పటం పక్కన చోటు

"చావుకొచ్చారా, తిరనాళ్ళకొచ్చారా వీళ్ళు?" అంటూ ఆడపడుచు సాయెకో పళ్ళు నూరింది.

బౌద్ధ గుడిలో, పోయిన భర్త హిరోమాసా పటం ముందు ధూపం వేయాల్సిన జనం ఫోన్లు పట్టుకుని అకినారి చుట్టూ మూగడం చిజురు చూస్తూనే ఉంది. ఇద్దరూ ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. ఆట మానేసి ఎన్నేళ్ళయినా గోల్స్ కొట్టిన అకినారిని దేశం మరవలేదు. గోలు కాచిన హిరోమాసాను వీధివాళ్ళే మరిచారు.

అకినారి వచ్చి తల వంచాడు. "వదినా, నేనుంటే అన్న మొహం ఎవరూ చూడట్లేదు. వెళ్ళిపోతాను."

"పుణ్యం కట్టుకో నాయనా," అంది సాయెకో.

అతను గుడి మెట్లు దిగగానే జనమూ దిగిపోయారు. గుమ్మంలో బూట్ల రాశి కరిగిపోయింది. భిక్షువు సూత్రాలు చదవడం ఆపలేదు. వినడానికి ఇద్దరాడవాళ్ళే మిగిలారు. బుద్ధుడికి జనంతో పని లేకపోవచ్చు, పోయినవాడికీ ఉండదా అనుకుంది చిజురు.

మేజోళ్ళతోనే వానలోకి పరుగెత్తి కారు తలుపు పట్టుకుంది.

"వెనక్కి రా అకినారీ. ఆయన పటం పక్కనే కూర్చో."

"వాళ్ళు మళ్ళీ నన్నే ఫొటోలు తీస్తారు వదినా!"

"తియ్యనీ. నీ పక్కనుంటే ఆయనా పడతాడు."