ఆఖరి బ్రేకు సెట్టు

"బావా, బ్రేకు సెట్టు కావాలి. ఒరిజినల్‌ది ఇవ్వండి."

"కంపెనీవాడు ఆ మోడలే ఆపేశాడు. లోకల్‌గా చేసినవే ఉన్నాయి. అదీ ఒక్కటే మిగిలింది," అంటూ బావ అద్దాల అలమారలోంచి చిన్న ప్యాకెట్టు తీశాడు.

కళ్లజోళ్లాయనకు ప్రాణం లేచొచ్చింది. పందెం ఆదివారమే.

కళ్లజోళ్ల షాపు ఆయన బతుకుతెరువు. కారు ఆయన పిచ్చి. మోకాలెత్తు కూడా ఉండదది. రిమోట్ పట్టుకుని దూరం నుంచి నడపాలి. అలాగని బొమ్మకారు అన్నారో, మీతో మాటలు మానేస్తాడు. పెట్రోలు తాగే ఇంజను, చిన్న బియ్యం సంచంత బరువు. వదిలితే స్కూటర్‌ని దాటేస్తుంది.

భార్య దాన్ని "మా సవతి" అంటుంది. తిడుతూనే ఆదివారం కుట్టుమిషన్ ఆపి వెంట వస్తుంది. రాక తప్పదు మరి. కారు నడిపే ప్రతివాడూ తన తరఫున ఒక మనిషిని మలుపులో నిలబెట్టాలని ఆ క్లబ్బులో పద్ధతి. బోల్తా పడ్డ కార్లను లేపి నిలబెట్టడం వాళ్ల పని.

బావంటే ఎవరో కాదు, ఆవిడ సొంత అన్నే. పెళ్లయిన దగ్గర్నుంచీ కళ్లజోళ్లాయన కారు సామాన్లకు ఇంకో షాపు మెట్టెక్కలేదు.

"ఆ సెట్టు నాకిస్తారా?"

కౌంటరు పక్కనున్న పెద్దాయన అడిగాడు. నెరిసిన గడ్డం, గోళ్ల నిండా గ్రీజు.

"ముందు అడిగింది నేను కదండీ," అన్నాడు కళ్లజోళ్లాయన.

"అవునండీ. మీరు కొన్నదానికంటే ఎక్కువిచ్చి మీ దగ్గరే కొంటాను. మీరు మాత్రం అది వాడొద్దు. ప్యాడ్లు మంచివే. వాటిని డిస్కుకు నొక్కే ఇనుపముక్క ఉంది చూశారా, అది సరిగా గట్టిపడలేదు. వేడెక్కితే విరుగుతుంది."

"మీకెలా తెలుసు?"

పెద్దాయన తన గ్రీజు గోళ్లు చూసుకున్నాడు. సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు.

బావ నవ్వాడు. "ఏం చెప్తాడు? ఆఖరిది తనే కొట్టేయాలని చూస్తున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఇదే కథ. నేనుండగా నీకు చెడ్డ సరుకు ఇస్తానా?"

ఆ మాట చాలు. ప్యాకెట్టు జేబులోకి వెళ్లింది.

పెద్దాయన స్కూటరు దాకా వెంటపడ్డాడు.

"మలుపులో ఎవర్ని నిలబెడతారు బాబూ?"

"మా ఆవిణ్ణి. మీకెందుకు?"

"అయితే అసలే వద్దు. ఈ ఒక్క పందెం మానుకోండి. నేనెవరో చెప్తాను, కాస్త వినండి."

"చెప్పక్కర్లేదు. పందెంలో ఏ పోటీవాడు పంపితే వచ్చారో నాకు తెలుసు. ఈ వయసులో ఈ దొంగవేషాలేంటండీ?"

పెద్దాయన మొహం చిన్నబోయింది. స్కూటరు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు.

"పాపం, నిజమే చెప్పాడేమో," అంది భార్య.

"ముక్కూమొహం తెలియనివాడి మాటా, మీ అన్నయ్య మాటా?"

"అన్నయ్య చెప్పాడంటే సరే."

ఆదివారం కారు చెప్పినమాట విన్నది. సగం పందెం దాకా ఆయనే ముందు. రెండో మలుపులో ఎవరిదో కారు పల్టీ కొట్టింది. ఆవిడ వంగి దాన్ని లేపుతోంది.

ఆయన బ్రేకు నొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ నొక్కాడు. ఆయన పెట్టిన కేక ఇంజన్ల మోతలో ఆవిడకి వినపడలేదు.

కారు గుద్ది ఆవిడ కాలు రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేశారు. మళ్లీ మిషన్ తొక్కగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. నలుగురికి బట్టలు కుట్టిపెట్టే మనిషి, పక్క మీద నుంచి కాలు కదపలేక గోడకేసి తిరిగి ఏడ్చింది.

బ్రేకులో విరిగిన ఇనుపముక్క పట్టుకుని కళ్లజోళ్లాయన తిన్నగా బావ షాపుకెళ్లాడు.

"మీకు ముందే తెలుసా బావా?"

"నాకేం తెలుస్తుంది? లోకల్ సరుకు. ఒక్కోసారి అలా..."

"తెలుసు," అంది వెనక డబ్బాలు సర్దుతున్న బావ భార్య.

"నువ్వు లోపలికెళ్లు," అన్నాడు బావ.

"వెళ్లను. ఆడపడుచు మంచానపడ్డాక ఇంకా ఏం కడుపులో పెట్టుకోను? తమ్ముడూ, ఆ పెద్దాయన నెలనుంచీ ఈయన్ని బతిమాలుతున్నాడు, ఆ సరుకు వెనక్కిచ్చేయమని. కొన్న ధరకే ఇచ్చేస్తే లాభం పోతుందని ఈయన ఏడుపు. ఒక్కొక్కటే అమ్మేశాడు. ఆఖరిది నీకంటగట్టాడు."

కళ్లజోళ్లాయన ఆ ఇనుపముక్కను కౌంటరు మీద పెట్టాడు. పరాయివాడు మోసం చేస్తే పోలీసుల దగ్గరికో, పెద్దమనుషుల దగ్గరికో పోవచ్చు. తడిగుడ్డతో గొంతు కోసినవాడు సొంత బావైతే ఎక్కడికి పోవాలి?

"అక్కడ నిలబడేది మీ చెల్లెలని తెలుసు కదా," అన్నాడు.

బావ తలెత్తలేదు. "ఒక్క పందేనికి ఏమీ కాదులే అనుకున్నాను," అన్నాడు.

ఇంత మాట విన్నాక ఇక తిట్టబుద్ధి కూడా కాలేదు. ఆ మనిషి మొహం చూడటమే రోతగా ఉంది.

"అక్కయ్యా, ఆ పెద్దాయన ఎక్కడుంటాడు? కాళ్లు పట్టుకుంటాను."

"ఇంకెక్కడ? నిన్ననే షెడ్డు ఖాళీ చేసి వెళ్లిపోయాడట."

"ఏం షెడ్డు?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ బ్రేకులు చేసింది ఆయనే తమ్ముడూ, చెడిపోయాయని తెలియగానే ఉన్న ఒక్క లేతు మిషనూ అమ్మేసి, కొన్నవాళ్ల ఇంటింటికీ తిరిగి అన్నీ వెనక్కి కొనుక్కున్నాడు, నీ ఒక్కడి దగ్గర తప్ప."